సీటు ఎత్తు

"నడక మిషన్ బట్టల స్టాండయింది. తాడాట తాడు దండెమైంది. ఇప్పుడు సైకిలా?" అన్నాడు భర్త మూడోసారి.

"కొననివ్వరా. హ్యాండిలుకి రెండు కొమ్ములుంటాయట. ఒకదానికి నీ చొక్కా, ఇంకోదానికి నా శాలువా" అంది అత్తగారు.

కాలేజీ చదివే కూతురు పకాలున నవ్వింది.

ఆమె నవ్వలేదు. ఆస్పత్రి ల్యాబులో పదిహేడేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ రక్తం పరీక్షిస్తోంది. పోయిన వారం తన రక్తం తనే పరీక్షించుకుంది. షుగర్ సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. అటు పడితే జీవితాంతం మాత్రలే.

"రోజూ రెండు బస్సులు మారుతున్నాను. అదే దూరం తొక్కితే ఒంటికీ మంచిది, టైమూ కలిసొస్తుంది."

"తొక్కితే కదా! ఆరంభశూరత్వానికి నీ తర్వాతే ఎవరైనా" అన్నాడు భర్త.

అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కాబట్టి ఏడుపొచ్చింది.

ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని సైకిళ్ళ కొట్టుకు వెళ్ళింది.

కూతురు ఫోన్లో వీడియోలు చూసి ముందే ఒకటి ఎంచిపెట్టింది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, కళ్ళు చెదిరే ఎరుపు.

ఆమె ఎక్కి కూర్చుంది. ముందుకు సాగి సాగి హ్యాండిలు అందుకుంది.

"అది మీకో సైజు పెద్దదండీ."

మూల స్టూలు మీద ఒక మనిషి. పొట్టివాడు, ఇంచుమించు ఆమె ఎత్తే ఉంటాడు. ఒళ్ళో పాత హెల్మెట్.

"మెడ పట్టేస్తుంది. చూడండి, బ్రేకుకి వేళ్ళు అందడం లేదు. అన్నం క్యారేజీ పెట్టుకుందామన్నా వెనక క్యారియరు బిగించే చోటు లేదు. వారం తిరక్కుండా మూల పెట్టేస్తారు."

మూల అన్న మాట సూదిలా దిగింది. రోజూ పదిమందికి సూదులు గుచ్చే మనిషికి.

"మిమ్మల్నెవరైనా అడిగారా?"

"లేదండీ" అన్నాడు తాపీగా. "ఆ గోడవారన బూడిద రంగుది ఉందే, అదొకసారి ఎక్కి చూడండి."

కొట్టాయన ఉలిక్కిపడ్డాడు. "సార్, అది..."

"ఎక్కనీవయ్యా."

అదీ కొమ్ములదే. కానీ ఎక్కగానే సీటు కొలిచి బిగించినట్టు సరిపోయింది. వేళ్ళు వాటంతటవే బ్రేకుల మీద వాలాయి. వీధి చివరిదాకా తొక్కి తిరిగొచ్చేసరికి ఆమె మొహం పదేళ్ళపిల్ల మొహంలా ఉంది.

"బాగుంది. ఇంట్లో ఇంకోమాట అడిగి, వచ్చే నెల వస్తాను" అంది దిగుతూ.

ఆమె జీవితంలో చాలా వచ్చే నెలలున్నాయి. ఒక్కటీ రాలేదు.

ఆ మనిషి లేచి కొట్టాయన చెవిలో ఏదో చెప్పాడు. కొట్టాయన అతని వంకా సైకిలు వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇవాళే తీసుకెళ్ళండమ్మా. ఈ సైజులో ఇదొక్కటే ఉంది" అన్నాడు చివరికి.

"చూశావా, ఇద్దరూ కూడబలుక్కున్నారు. కమిషన్ మనిషే" అని కూతురి చెవిలో గొణిగింది. అయినా కొంది.

గుమ్మం దగ్గర ఆ మనిషి ఆగాడు. "మొదటి పదిహేను రోజులూ ఒళ్ళు తిడుతుందండీ. పట్టించుకోకండి."

అతను హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎండలో నడిచి వెళ్ళిపోయాడు. ప్యాంటు అంచుకి క్లిప్పు కూడా ఉంది.

"హెల్మెట్ ఉంది, మరి సైకిలేదమ్మా?" అంది కూతురు.

"ఎవరి పిచ్చి వారికానందం."

ఒళ్ళు తిట్టింది, సరిగ్గా పదిహేను రోజులు. పదహారో రోజున దానంతటదే నోరు మూసుకుంది. మూడు నెలలు తిరిగేసరికి షుగర్ గీత దిగి ఇవతలికొచ్చింది. ఆ రిపోర్టు కాగితం రెండుసార్లు అచ్చు వేసుకుంది.

అప్పుడు వానలు మొదలయ్యాయి.

"తగ్గేదాకా బస్సే" అంది.

సైకిలు హాల్లో మూలకు చేరింది. రెండో రోజు ఒక కొమ్ముకి భర్త తువ్వాలు. నాలుగో రోజు రెండో కొమ్ముకి అత్తగారి శాలువా.

శనివారం వాన తెరిపిచ్చింది. తుప్పు పట్టకుండా నూనె వేయించి అట్టే పెడదామని సైకిలు కొట్టుకు తీసుకెళ్ళింది.

కొట్టాయన సీటు విప్పాడు. అడుగున పురికొసతో కట్టిన చిన్న అట్టముక్క.

"అరె, ఇది తీయడం మరిచానే."

ఆమె అది చదివింది. ఏమిటని అడిగింది. కొట్టాయన చాలాసేపు చెప్పాడు.

"ఆయన ఇప్పుడెక్కడుంటారు?"

"బదిలీ అయి వెళ్ళిపోయారమ్మా. ఏ ఊరో అడగలేదు."

దారిలో మళ్ళీ వాన పట్టుకుంది. నిలువునా తడిసి, తొక్కుకుంటూనే ఇంటికొచ్చింది. తన తల కంటే ముందు సైకిలు తుడిచింది. తువ్వాలూ శాలువా మడతపెట్టి ఎవరివి వాళ్ళ చేతికిచ్చింది.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. "సోమవారం నుంచి వానైనా సైకిలే. రేపు రెయిన్‌కోటు కొనుక్కుంటాను."

"ఉన్నట్టుండి ఏం పుట్టింది నీకు?" అన్నాడు భర్త.

ఆమె కూతురి వైపు చూసింది.

"ఆ హెల్మెట్ ఆయన కమిషన్ మనిషి కాదే. సైకిలు ఆయనదే. సీటు అడుగున ఆయన పేరు రాసిన అట్టముక్క ఇవాళ బయటపడింది. ఆ సైజు కోసం నాలుగు నెలలు ఎదురుచూసి, సీటు తన ఎత్తుకి బిగించుకుని, ఆ రోజు తొక్కుకుంటూ ఇంటికెళ్దామని వచ్చారు. 'ఆవిడ ఇవాళ ఉత్తచేతులతో వెళ్తే మళ్ళీ రారు, నేనైతే వస్తాను' అని కొట్టాయన చెవిలో చెప్పి, నడిచి వెళ్ళిపోయారట."