నార దువ్వేవాళ్ల సభ

లోసన్ ప్రసంగం మూడో వాక్యంలో ఉండగానే ముందు వరసలో ఓ ముసలాయన లేచాడు. గడ్డం నిండా అవిసె నార పీచు.

"ఆగు నాయనా. మా వీధికి మంచినీళ్లు తెస్తానన్నావు. ఎక్కణ్ణుంచి?"

"కొండవాగు నుంచి."

"ఎండాకాలంలో అది మా పిల్లి దాహానికే చాలదు. అప్పుడో?"

హాలంతా గొల్లుమంది.

లోసన్ మెడపట్టీ సవరించుకున్నాడు. స్కాట్లాండులోని డండీ నగరసభ ఎన్నికల్లో అతనికిది మొదటి సభ. ఈ వీధి ఓట్లు పడితేనే గెలుపు. రొట్టెల వ్యాపారానికి ఈ ఊరొచ్చి రెండేళ్లే అయింది. ఈ ఊరివాళ్ల తిక్క ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

ఒకటి మాత్రం తెలుసు. మిల్లులో నార దువ్వే ఇనుప పళ్ల దువ్వెన పేరు హెకిల్. దువ్వేవాళ్లు హెక్లర్లు. పని జరుగుతుండగా ఒకడు పేపరు పైకి చదువుతాడు. మిగతావాళ్లు ప్రతి వాక్యాన్నీ పట్టుకుని పీకుతారు. సభలకు వచ్చినా అదే అలవాటు. అందుకే వక్తని ప్రశ్నలతో పీక్కుతినడానికి కూడా హెకిల్ చేయడమనే పేరు పడింది.

నిన్న ప్రత్యర్థి క్రైటన్ సభలో మాత్రం వీళ్లు నోరే విప్పలేదట. ఆ సంగతి విన్నప్పటినుంచీ లోసన్ కడుపు మండుతూనే ఉంది.

"గొట్టాలు ముందు నీ ఇంటికా, మా వీధికా?" ముసలాయన వదల్లేదు.

"మీ వీధికే!"

"మిల్లు దొరలు అడ్డొస్తే?"

"ఎదిరిస్తాను!"

"దేంతో? బన్నులు విసిరా?"

నవ్వులకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. లోసన్ ముఖం జేవురించింది.

"ఈ ముసలాణ్ణి బయటికి గెంటండి!"

ఇద్దరు మనుషులు ఆయన్ని రెక్కలు పట్టుకుని తలుపు వైపు లాక్కెళ్లారు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"ఇంకొక్క చిక్కే మిగిలింది నాయనా!" అంటుండగానే తలుపు మూసుకుంది.

ఆ తరువాత ఒక్కరూ అడ్డు తగల్లేదు. లోసన్ తనివితీరా మాట్లాడి కూర్చున్నాడు.

"చూశారా పెట్రీ గారూ," అన్నాడు సభాధ్యక్షుడితో. "క్రైటన్‌కిచ్చిన మర్యాద నాకూ ఇచ్చారు!"

పెట్రీ ఒకప్పుడు హెక్లరే. లోసన్ వైపు జాలిగా చూశాడు.

"అది మర్యాదేంటండీ? కుళ్లిన నారని ఎవడు దువ్వుతాడు? మూలకి విసిరేస్తాం. పనికొచ్చేదాన్నే దువ్వుతాం."



పెట్రీ లేచి, ఆనవాయితీ ప్రకారం బల్ల మీద తట్టాడు. "అభ్యర్థి తగినవాడేనని చెప్పేవాళ్లుంటే లేవండి!"

ఎవరూ లేవలేదు. హాలంతా తలుపు వైపు చూస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అందరూ అటు చూస్తారేం?" లోసన్ గుసగుసగా అడిగాడు.

"ఎబ్ తాత కోసం. ఇందాక మీరు గెంటించారే, ఆయన. ఈపాటికి సారాకొట్లో రెండో గ్లాసు మీదుంటాడు. ఇక మహారాణి పిలిచినా రాడు."

"ఆయనతో ఇప్పుడేం పని?"

పెట్రీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నార దువ్వే మా షెడ్డు తరఫున ఒక్కడే మాట్లాడాలి, అది మా కట్టుబాటు. చిక్కులన్నీ తీసి, చివర్లో మీరు తగినవాడేనని లేచి చెప్పడానికి మేమంతా కలిసి పంపింది ఆయన్నేనండీ!"