ఏడుపు నిషేధం

“కప్ప! కప్ప చెయ్యండి, తొందరగా! మూతి విరుస్తోంది!”

వంటగది గుమ్మంలోంచి భార్య కేక వినగానే లిఫ్టు మెకానిక్కు చేతిలోని కాఫీ గ్లాసు కిటికీలో పెట్టేసి, నేలమీద చతికిలబడి, “బెకబెక”మంటూ ఉయ్యాల చుట్టూ గెంతాడు. పాప వంకర పోతున్న మూతిని సర్దుకుని, ఈ మనిషికి ఏమొచ్చింది అన్నట్టు చూసింది. ఏడుపు తప్పింది. మోకాలి దగ్గర ప్యాంటు మాత్రం పర్రుమంది.

పాప గుండెలో పుట్టుకతోనే లోపం. ఏడిస్తే చాలు, పెదాలూ గోళ్లూ నీలంగా మారిపోయేవి. ఆపరేషన్ అయింది. పెదాలకి గులాబీరంగు వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపించే రోజు మెకానిక్కు మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉండటంతో, జాగ్రత్తలన్నీ భార్యే డాక్టరు గదిలోకి వెళ్లి విని వచ్చింది.

“చంకల కింద చేతులేసి ఎత్తకూడదట. కుట్లు తడవకూడదట. అన్నిటికన్నా ముఖ్యం, రొమ్ము ఎముక అతుక్కునేదాకా అసలు ఏడవకూడదట.”

“పసిపిల్ల ఏడవకుండా ఎలా ఉంటుందే?”

“నవ్విస్తే ఉంటుంది. మీరొక్కరే అయితే చాలరు. ఇంట్లో ఇద్దరు మగాళ్లున్నారుగా!”

ఆ రెండో మగాడు మెకానిక్కు తండ్రి. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఈల వేస్తే బడిపిల్లలే కాదు, రోడ్డున పోయే సైకిళ్లు కూడా ఆగేవి. ఆయన నవ్వు చూశామని చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. పైగా ఇప్పుడు తండ్రీకొడుకులకి మాటల్లేవు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు, ఆసుపత్రి వరండాలో మాస్టారు కొడుకు చెయ్యి పట్టుకుని, “ఇంత పసిగుడ్డుని కోయించడమేంట్రా? వద్దు. ఇంటికి పోదాం పద” అన్నాడు.

“తెలీకపోతే నోరు మూసుకోండి. దీనికేమన్నా అయితే అంతా మీ నోటి చలవే!” అని కొడుకు అరిచాడు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మాస్టారు చెయ్యి వదిలేశాడు.

అంతే. పాపకి తగ్గింది గానీ వీళ్లకి తగ్గలేదు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, “ఆయన్ని భోజనానికి రమ్మను” అని ఒకరు, “వాణ్ణి ఆ ఫ్యాను తగ్గించమను” అని ఒకరు. మధ్యలో ఒక చేత్తో పాలసీసా, ఇంకో చేత్తో ఈ రాయబారం మోస్తూ కోడలు.

ఆ పూట కప్ప బాగానే ఆడింది. మధ్యాహ్నానికి పాపకి కప్ప మొహం మొత్తింది. పిల్లి పనిచెయ్యలేదు. కోడి అసలే పనిచెయ్యలేదు. పాప గడ్డం వణకడం మొదలైంది.

“మావయ్యగార్ని పిలవండి!” అంది భార్య.

“నువ్వే పిలువు.”

“నా చేతిలో మందు ఉంది. పిలుస్తారా, దాన్ని ఏడవనిస్తారా?”

మెకానిక్కు గొంతులో ‘నాన్నా’ అడ్డం పడింది. “ఇదిగో... ఎవరండీ లోపల?” అని మాత్రం అనగలిగాడు.

మాస్టారు బయటికొచ్చాడు. పాపని చూశాడు. పేపరు మడిచి, కళ్లజోడు తీసి దానిమీద పెట్టాడు.

“ఒంగో” అన్నాడు.

“ఎవరు?”

“నువ్వేరా. గుర్రం. నేను ఎక్కాలి.”

మెకానిక్కు ఒంగాడు. ఆసుపత్రి వరండా తర్వాత తండ్రి తనతో అన్న మొదటి మాట అదే అని, ఆయన బరువు వీపుమీద పడ్డాక గానీ తట్టలేదు. మాస్టారు నోట్లో వేళ్లు పెట్టి ఒక్క ఈల వేసేసరికి గుర్రం ఉలిక్కిపడి పరిగెత్తింది. పాప కళ్లు గుండ్రంగా చేసుకుని చూసి, బోసినోటితో పకపకా నవ్వేసింది.

రెండో చుట్టులో వీపుమీంచి గొంతు వినబడింది.

“ఆ రోజు నాకు భయమేసిందిరా.”

గుర్రానికి తల తిప్పడం కుదర్లేదు. నేలవైపు చూస్తూనే, “నాకూ వేసింది నాన్నా. ఏం చెయ్యాలో తెలీక మీమీద పడ్డాను” అన్నాడు మెకానిక్కు.

“సర్లే. నడు, నడు. మళ్లీ మూతి విరుస్తోంది.”

భార్య గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఆపైన ఆ ఇల్లు సర్కస్ డేరా అయిపోయింది. ఒకరోజు గ్యాసు బండివాడు, బోర్లాపడి పాకుతున్న ఎలుగుబంటినీ, దాని చెవి పట్టుకున్న ముసలి కోతినీ చూసి, సిలిండరు గుమ్మంలోనే దింపేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. తండ్రీకొడుకులు మళ్లీ పోట్లాడుకుంటున్నారు కూడా. కాకపోతే కోడలి ద్వారా కాదు, మొహం మీదే.

“ఎలుగుబంటి అలా గోక్కోదురా!”

“మీరు నేర్పినట్టు గోక్కుంటే చర్మం ఊడుద్ది నాన్నా!”

పాప బుగ్గలు నిండాయి. పరీక్ష చేయించే రోజు నలుగురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తండ్రీకొడుకులు దగ్గరగా జరిగారు. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో వాళ్లకే తెలియదు.

“గుండె భేష్. ఎముక కూడా అతుక్కుంది. ఇంకేమైనా అడగాలా?”

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “ఒక్కటే డాక్టరుగారూ. ఇకనైనా పాప ఏడవచ్చా? మా నడుములు పడిపోయాయి.”

“పూర్తిగా కాకపోయినా, కనీసం మూలగొచ్చంటే చాలు” అన్నాడు మెకానిక్కు.

డాక్టరు అయోమయంగా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పాప టోపీ ముడి వేయడంలో ఉన్నట్టుండి తలమునకలైపోయిన తల్లివైపు తిరిగాడు.

“హాయిగా ఏడవనివ్వమని మొదటిరోజే చెప్పాను కదమ్మా?”