వడ్రంగిపిట్ట

టక్, టక్, టక్.

కాలరక్క ఒక కాలు చాచి బాత్రూము తలుపుకి అడ్డం పెట్టింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని పళ్ళు బిగించింది. తలుపుకి గడియ లేదు. ఆడవాళ్ళు గడియ వేసుకుని కాలక్షేపం చేస్తున్నారని మేనేజరు ఎప్పుడో ఊడబీకించేశాడు. మరలున్న చోట బెజ్జాలే మిగిలాయి.

"లోపల నిద్రపోయావా? లేచి రా!"

"వస్తున్నా పిన్నీ, ఒక్క నిమిషం."

"పిన్నీ లేదు గిన్నీ లేదు. రా!" టక్, టక్.

బయట వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "బండి ఇంకా స్టార్టవలేదేమోనే, వెళ్ళి తొయ్యండి!"

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో బాత్రూముల ముందు ఒక ముసలావిడ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. లోపలికెళ్ళిన మనిషి కాస్త ఆలస్యం చేస్తే విరిగిన చెక్క స్కేలుతో తలుపు తట్టాలి. అదే ఆమె పని. ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా? మనిషి కడుపుకి కూడా టార్గెట్ పెట్టిన చోట ఉంటుంది. అందరూ ఆమెని వడ్రంగిపిట్ట అంటారు. స్టూలు వెనక మేకుకి ఆమె గుడ్డసంచీ వేలాడుతూ ఉంటుంది. దారపుండలు కొట్టేసి అందులో దాస్తుందని చెప్పుకుంటారు.

చొక్కాలకి కాలర్లు కుట్టే కాలరక్క, పని సగంలోనే లేచి వచ్చేసింది.

"వేంచేశారా మహారాణీ!" సూపర్‌వైజరు మిషన్ల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాడు. "కాలర్లు లేక లైనంతా గోళ్ళు గిల్లుకుంటోంది. రోజూ ఏమిటమ్మా ఈ రోగం?"

కాలరక్క తన మిషన్ వైపు నడిచింది. పేగులో పుండు అని ఇంతమందిలో ఎలా చెబుతుంది? ఆపుకోవద్దు, ఆపుకుంటే రక్తం పడుతుంది అన్నాడు డాక్టరు. ఆపుకోకపోతే పని ఊడుతుంది. అందుకే పొద్దున పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వస్తుంది. అయినా కడుపు మాట వినదు. మిషన్ కింద సంచీలో మార్చుకోడానికి ఒక జత బట్టలు పెట్టుకుంటుంది. ఆ సంగతి పక్క మిషన్ వదినకి కూడా తెలియదు.

కూర్చోబోయింది. కడుపులో మళ్ళీ మెలి తిరిగింది.

"అన్నా, ఇంకొక్కసారి వెళ్ళొస్తా."

"ఇప్పుడే కదా వచ్చావ్! ఏం రోగమో చెప్పి మరీ వెళ్ళు."

చెప్పేలోపే జరగకూడనిది జరిగిపోయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పక్కనున్న వదిన ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, స్టూలు అటు జరుపుకుంది.

బట్టలు మార్చుకున్నాక కాలరక్క తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఇంక దాచడానికి ఏముంది గనక!

"కూర్చోమ్మా," అన్నాడు మేనేజరు. తర్వాత మెత్తటి కుర్చీ వంక చూసుకుని, "పర్వాలేదులే, నిలబడే చెప్పు," అన్నాడు.

జబ్బు సంగతంతా కక్కేసింది. "గడియ పెట్టించండి సార్. ఆ తట్టుడు ఆపించండి. ముందు ఆ ముసలిదాన్ని తీసెయ్యండి! దానికి కడుపంటూ ఉంటే కదా, ఇంకొకరి కడుపు బాధ తెలియడానికి!"

"ఆమె సంగతి నేనూ చూస్తున్నా. ఈమధ్య ఎప్పుడు చూసినా స్టూలు ఖాళీగానే ఉంటోంది. సరే, తీసేస్తా."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని కాలరక్క అనుకోలేదు.

"నీకు కూడా, ఇంక ఎవరినీ అడగక్కర్లేకుండా ఏర్పాటు చేస్తాలే. రేపు పొద్దున రా," అన్నాడు చల్లగా.

ఆ సాయంత్రం ఆమె ఎన్నాళ్ళకో కడుపునిండా తింది. "నోరు విప్పి అడగాలే గానీ, ఎందుకివ్వరు?" అంది మొగుడితో.

పొద్దున వెళ్ళేసరికి ఆమె మిషన్ మీద ఇంకెవరో కాలర్లు కుడుతోంది.

"అది నా చోటు. లే!"

"ఇక్కడ కాదు," సూపర్‌వైజరు గడ్డంతో బాత్రూముల వైపు చూపించాడు. "నీ చోటు అక్కడ. ఇకమీదట ఎవరినీ అడిగే పని లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు."

కాలరక్క అటు తిరిగి ముసలావిడ స్టూలు చూసింది.

"నేను తలుపులు తట్టను, అన్నా. నావల్ల కాదు. కాలర్లు కుట్టుకుంటా."

"అయితే గేటు అటు."

వదిన వైపు చూసింది. వదిన తల ఎత్తలేదు. లైనులో ఒక్క మిషనూ ఆగలేదు.

వడ్రంగిపిట్ట స్టూలు దిగి నిలబడి ఉంది. స్కేలు కాలరక్క చేతిలో పెట్టింది. నోటికొచ్చినట్టు తిడుతుందేమో అనుకుంటే, వెనక్కి తిరిగింది. మేకుకున్న సంచీ తియ్యబోతుంటే అది జారి కింద పడింది. దారపుండలేమీ దొర్లలేదు. మడతపెట్టిన చీరా, లంగా బయటికొచ్చాయి.

"నీ సంచీ ఈ మేకుకి తగిలించుకో," అంది ముసలావిడ వంగి వాటిని ఏరుకుంటూ. "నేను జేబులు కుట్టేదాన్ని. నేనూ గడియ పెట్టించమని అడగడానికే వెళ్ళానమ్మా మేనేజరు దగ్గరికి."