అద్దం వెనక అంతోణియార్

"చెదలు పడితే నేను తుడుచుకుంటా గదా మామా. నన్ను ఒక మాట అడగకుండా సామిని ఎట్లా ఇచ్చేస్తివి?" పొన్ను మూడు రోజులుగా పాడుతున్న పాటే ఇది.

నూలు మిల్లు నుంచి అప్పుడే వచ్చిన మగడు ఆరోగ్యసామి తలలోని దూది దులుపుకుంటూ, "తాతల కాలం బొమ్మ. చర్చి మ్యూజియంలో భద్రంగా ఉంటాదని ఫాదర్ అడిగినారు. పోయి కూడు పెట్టు" అన్నాడు.

పొన్ను బాధ వేరు. మగడు షిఫ్టుకు బయల్దేరగానే ఆ పునీత అంతోణియార్ చెక్కబొమ్మ ముందు నిలబడి, "తోడు పోయి రా సామీ" అనడం ఆమెకు అలవాటు. ఈ మూడు రోజులూ ఖాళీ గూటికే చెప్పుకుంది. మిల్లులో ఆ యంత్రాల మధ్య మామను ఎవరు చూసుకుంటారు?

చీకటి పడ్డాక అత్తను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లింది. సిస్టరమ్మ మ్యూజియం గది తెరిచి లాంతరు ఎత్తింది. పాత గంటలు, వెండి గిన్నెలు, అద్దాల బీరువాలో అంతోణియార్. వత్తి చిటపట తప్ప గదిలో చప్పుడు లేదు.

సామి భుజాల మీద దూది ఉంది.

"పొద్దున్నే తుడిచి తాళం వేసినానే" అంది సిస్టరమ్మ మెల్లగా.

"మిల్లు దూది గాలికి వచ్చుంటాది" అంది అత్త.

"అద్దం లోపలికా అత్తా?"

సిస్టరమ్మ బీరువా తెరిచింది. పొన్ను దూది దులపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చెక్క వెచ్చగా ఉంది, చెమటపట్టిన ఒంటిలాగా.

ఇంటికొచ్చి అందరికీ వడ్డించాక పొన్ను నెమ్మదిగా చెప్పింది. "సామి ఆడనే ఉండనీ. బీరువాకు తాళం మాత్రం వెయ్యొద్దని సిస్టరమ్మకు చెప్పి వచ్చినా. పాపం, పనికి పోయి వచ్చేవాళ్లు గదా."