యాంప్లిఫయర్ వెనక స్వామి

దేవుడు తన దీపం తానే వెలిగించుకుంటాడా? ఏడేళ్లుగా రెడ్డెమ్మ మనసులో ఈ అనుమానం మెదులుతూనే ఉంది. ఈ రోజు దానికి భయం కూడా తోడైంది. రేడియో మెకానిక్ అబ్దుల్ ఖుద్దూస్ మోకాళ్ల మీద కూర్చుని, చనిపోయిన ఇంటి యజమాని బాబా గారి గిటార్ యాంప్లిఫయర్‌ను తడిమి చూస్తున్నాడు. దాని వెనక చెక్క విప్పితే లోపల వెంకటేశ్వరస్వామి పటం కనిపిస్తుంది.

పటం తీసేద్దామని పొద్దున్నుంచీ చూసింది. కుదరలేదు. బాబా గారి భార్య, రెడ్డెమ్మ 'మామా' అని పిలిచే యజమానురాలు, మేడ మీది ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె ఆ గడప దాటగా రెడ్డెమ్మ ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు.

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చి నెల దాటింది. ఫింటాస్‌లోని ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. టీవీ, కారు, ఆఖరికి ఫ్రిజ్ కూడా సైనికులు పట్టుకుపోయారు. రెడ్డెమ్మను ఎలాగైనా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేర్చి, అక్కడి నుంచి ఊరికి పంపాలని మామా పట్టుదల. అందుకు అమ్మడానికి ఈ పెట్టె ఒక్కటే మిగిలింది.

"ఏ కాలందన్నా ఇది?" అని అడిగింది రెడ్డెమ్మ, అతని చెయ్యి స్క్రూల మీదికి పోకుండా మాటల్లో పెట్టాలని.

"లండన్‌లో చేసిందక్కా. ముందరి గుడ్డ చూడు, ఇట్లాంటి నేత ఇప్పుడు రాదు. ఏ సంవత్సరమో లోపల స్పీకరు అంచు మీద ఉంటాది. ఇప్పాల."

"ఇప్పకుంటే ఏం పాయె? చూస్తానే తెలుస్తాంది కదా పాతదని."

"పెండ్లిచూపుల్లో ముసుగు తీయొద్దంటే ఎట్లక్కా?" అని రాయచోటి యాసలో నవ్వి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

రెడ్డెమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంది.

ఈ ఇంట్లో పనికి వచ్చిన మొదటి వారంలో ఆమె తన గదిలో ఇత్తడి ప్రమిద వెలిగించింది. మామా వచ్చి, వేళ్లతో వత్తి నలిపి, ప్రమిద పట్టుకుపోయింది. "ఇంట్లో నిప్పు వద్దు. ఖలాస్, అంతే," అంది. ఆ రాత్రి రెడ్డెమ్మ ఏడ్చి, స్వామి పటాన్ని ఎవరి కంటా పడకుండా ఈ పెట్టె వెనక సందులోంచి లోపలికి జారవిడిచింది.

మర్నాడు తెల్లవారుతుండగా గది ఊడవడానికి వస్తే, పెట్టె ముందున్న ఎర్ర గాజు వెలుగుతోంది. వెనక సందులోంచి చూస్తే గాజు వాల్వులు నిప్పుకణికల్లా ఉన్నాయి. వేడెక్కిన దుమ్ము సాంబ్రాణిలా వాసన వేస్తోంది. ఆ నారింజ వెలుగులో స్వామి అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు. కిటికీ అవతల సముద్రం ఇంకా రంగు తెలియకుండా ఉంది. తను ఎక్కడుందో రెడ్డెమ్మకు కాసేపు గుర్తురాలేదు.

అప్పటినుంచి రోజూ అంతే. తెల్లవారుజామున మామా నమాజు చేసుకుని మళ్లీ పడుకునేది. ఇల్లు సద్దుమణిగాక రెడ్డెమ్మ మేడ మీదికి వచ్చేది. అప్పటికే దీపం వెలుగుతూ ఉండేది. దండం పెట్టుకుని స్విచ్చి కట్టేసేది.

ఒక్కసారి మాత్రం వరసగా కొన్నాళ్లు వెలగలేదు. మామా మక్కా వెళ్లినప్పుడు ఇంటికి చుట్టాలు దిగారు. వాళ్లకు వండుతూ, ఉప్పు సరిపోయిందో లేదోనని శనివారం పూట మాంసం పులుసు నాలుక మీద వేసుకుంది రెడ్డెమ్మ. అందుకే స్వామికి కోపం వచ్చిందని లెంపలేసుకుంది. మాంసం మానేసింది. మళ్లీ వెలిగింది.

అయినా అనుమానం పోలేదు. అంత పెద్ద స్వామికి స్విచ్చి నొక్కుకునే ఖర్మ ఏమిటి?

చెక్క ఊడి వచ్చింది. ఖుద్దూస్ చెయ్యి ఆగింది. అతను రెడ్డెమ్మను చూశాడు, మామాను చూశాడు. మామా సముద్రం వైపు చూస్తోంది. అతను గొంతు సవరించుకుని స్పీకరు అంచు తుడిచాడు.

"అరవై మూడు," అన్నాడు అరబ్బీలో. "అన్నీ అసలువే మామా, వాల్వులతో సహా. ఈ ఎర్ర గాజు వెనక బల్బు మాత్రం కొత్తది. మూల పడున్న పెట్టెలో ఇది మాడిపోదే."

"బల్బుకని ధర తగ్గిస్తావా?"

"లేదు మామా. మంచి కాలమైతే బొంబాయిలో వాయించేవాళ్లు దీనికోసం కొట్టుకుంటారు. ఇప్పుడు దినార్లంటే..."

"దినార్లు వద్దు. రేపు నీ తమ్ముడి బస్సు అమ్మాన్ పోతోంది. అందులో ఈమెకు ఒక సీటు."

"ఆ సీటుకు జనం బంగారం ఇస్తున్నారు."

"బంగారం పాట పాడుతుందా?"

ఖుద్దూస్ నవ్వాడు. "సరే. రిగ్గైలోని నా కొట్లో విరిగిన రేడియోల కింద పడేస్తే దీన్ని ఏ సైన్యమూ కనిపెట్టలేదు."

"దారిలో తాగడానికి నీళ్లు కూడా ఇవ్వాలి."

"నీళ్లు కూడా."

అప్పుడతను పటాన్ని రెండు వేళ్లతో బయటకు తీశాడు. "మామా, ఇది..."

రెడ్డెమ్మ మామా మొహం వంక చూసింది. మామాకు కోపం వస్తే రేపటి సీటు లేదు. సీటు లేకపోతే ఊళ్లో బిడ్డల మొహం చూసేదీ లేదు.

మామా తల తిప్పలేదు. "అది అమ్మకానికి కాదు," అంది.

ఖుద్దూస్ పటాన్ని రెడ్డెమ్మ చేతిలో పెట్టి, పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. తివాచీ మీద, అది ఉన్నచోట రంగు వెలవని చదరం ఒకటి మిగిలింది.

"మామా, తప్పయిపోయింది. దాచి పెట్టినాను," అంది రెడ్డెమ్మ తనకు వచ్చిన అరబ్బీలో.

మామా తన గదిలోకి వెళ్లి, ఒక గుడ్డ మూట తెచ్చి విప్పింది. రెడ్డెమ్మ ఇత్తడి ప్రమిద. నిన్ననే తోమినట్టు మెరుస్తోంది.

"ఆ రోజు పరదా అంటుకుంటుందని భయపడి తీసుకున్నాను. నీ వస్తువు నా దగ్గరే ఉండిపోయింది," అంటూ రెడ్డెమ్మ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది మామా.

"రేపటి నుంచి నువ్వే వెలిగించుకో."