బట్ట అబద్ధమాడదు

"ఈ జాకెట్టు వదులైతే నేనిక ఆసుపత్రికి రాను. ముందే చెప్తున్నా," అంది టైలరు భార్య, నీలం జాకెట్టు చేత్తో పట్టుకుని.

"బయట బండి వచ్చి నిలబడింది. ఇప్పుడా నీ పరీక్షలు?"

"డాక్టరు బాగుంది బాగుంది అంటాడు. మీరూ అదే పాట. నాకు మీ ఇద్దరి మీదా నమ్మకం లేదు. మనిషి అబద్ధమాడతాడు గానీ బట్ట ఆడదని కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది మీరే కదా."

టైలరు బండివాణ్ణి ఆగమని సైగ చేశాడు. ఎవరి మాట వాళ్లకే తగలడమంటే ఇదే. మందు ఆపితే మనిషి దక్కదని డాక్టరు అతన్ని పక్కకు పిలిచి మరీ చెప్పాడు. చిక్కిపోతున్నానని తెలిసిన రోజు మందు మానేస్తానని, ఆ నరకం ఊరికే పడలేనని ఆమె తెగేసి చెప్పింది. ఇద్దరి మధ్యా అతని బతుకు అడకత్తెరలో పోకచెక్కలా ఉంది.

ఆమె లోపలికెళ్లి జాకెట్టు తొడుక్కుని వచ్చింది. మందుల వాపుతో ముఖం నిండుగానే ఉంది కాబట్టి అద్దం ఆమెకు ఏమీ చెప్పలేదు. చేతులు పైకెత్తింది, దించింది, పక్కకు తిరిగి నడుము దగ్గర వేలు పెట్టి చూసుకుంది. ఎక్కడా వదులు లేదు.

"సరిపోయింది," అంది మెల్లగా.

"నే చెప్పలా?"

సరిపోక ఏం చేస్తుంది? నిన్న మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తున్నప్పుడు దాన్ని బీరువాలోంచి తీసి, కొట్టుకు పట్టుకెళ్లి, పక్క కుట్లు లోపలికి వేశాడు. పాత దారాలన్నీ పీకి, ఇస్త్రీ చేసి, మళ్లీ అదే మడతలో పెట్టాడు. ఇది మొదటిసారి కూడా కాదు. ఆమె బట్టలన్నీ ఆమెతో పాటే చిక్కిపోతున్నాయి. పొట్టలు దాచే చొక్కాలు ఎందరికో కుట్టాడు గానీ ఇంత పాపపు కుట్టు ఎన్నడూ వేయలేదు. మిషను తొక్కుతున్నంతసేపూ ఏడ్చాడు.

"ఏవండీ, ఆ గళ్ల చొక్కా వేసుకోండి. గుండీలు గట్టిగా కుట్టి పెట్టాను."

"ఊడని గుండీలు మళ్లీ కుట్టడమెందుకే? ఆ కాసేపూ పడుకోవచ్చుగా."

"సూది చేతిలో ఉంటే నొప్పి గుర్తురాదు."

కొట్లో కాజాలు, గుండీలు, అంచులు ఆమె చేతి పనే. మిషను జోలికి ఏనాడూ పోలేదు. కుట్టు చివర దారాన్ని రెండు చుట్లు తిప్పి ఒక ముడి వేసేది. ఏనుగును కట్టేసినా ఊడదని అతను ఆటపట్టించేవాడు. ఇప్పుడు కొట్టుదాకా నడవలేక, ఇంట్లోనే అతని చొక్కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. పోనీలే, అదొక కాలక్షేపం అని వదిలేశాడు.

బండిలో ఆమె అతని భుజం మీద తల ఆనించింది. "పొద్దున ఏమైనా తిన్నారా?"

"కొట్లో తిన్నాలే," అన్నాడు. అబద్ధాలకు అలవాటు పడ్డ నోటికి ఇదొక లెక్కా?

ఆసుపత్రిలో ఆమెను మంచం మీద పడుకోబెట్టాక నర్సు అతని దగ్గరికి వచ్చింది. "ఒంట్లో రక్తం బాగా తగ్గింది. అది ఎక్కించాకే మందు. మీ తరఫున ఎవరైనా ఇస్తారా?"

"ఎవరో ఎందుకమ్మా, నేను లేనూ? మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు."

చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆమెకు అబద్ధాలే ఇచ్చాడు. ఇవాళ ఒక నిజమైనది ఇవ్వబోతున్నందుకు కొంచెం సంతోషంగా కూడా ఉంది. రక్తం తీసే గదిలో ముందు అతన్ని బరువు తూచారు. అక్కడి పెద్ద నర్సు ముల్లు చూసి, అతన్ని చూసి, దిగి మళ్లీ ఎక్కమంది.

"మీ దగ్గర తీసుకోవడం కుదరదండీ. బరువు చాలదు."

"నాకా? మా వీధిలో పిల్లలు నన్ను బొద్దు టైలరంటారు. ఒకసారి మీ తూకం సరిచూసుకోండి."

"తూకం బాగానే ఉంది. మీరు అన్నం తింటున్నారా అసలు?"

"చిక్కితే నాకు తెలియదా అమ్మా? ఎదుటి మనిషి కొలతలు టేపు లేకుండా చెప్పేవాణ్ణి. ఈ చొక్కా చూడండి, నేను కుట్టుకున్నదే. కుట్టిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. బట్ట అబద్ధమాడదు."

ఆవిడ వాదించలేదు. దగ్గరికొచ్చి, అతని కాలరులో వేళ్లు పెట్టింది. ఆవిడ చెయ్యంతా పట్టింది.

"మరి మెడ దగ్గర ఇంత వదులేంటండీ?"

టైలరు చెయ్యి మెడ మీదికి పోయింది. కాలరు తగ్గించాలంటే మొత్తం విప్పి మిషను మీద మళ్లీ కుట్టాలి. పక్కలైతే ఇంట్లో కూర్చుని సూదితో కూడా తగ్గించొచ్చు. ఆ మాట తోచగానే చొక్కా అంచు పైకి లాగి, పక్క కుట్టు తిరగేసి చూశాడు.

లోపల ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు చేతి కుట్లు ఉన్నాయి. మొదటిది తీరుగా ఉంది, రెండోది అక్కడక్కడా తప్పింది, మూడోది వణికి వణికి, ఆగి ఆగి నడిచింది. మూడింటి చివరా దారం రెండు చుట్లు తిరిగి, ఏనుగును కట్టేసినా ఊడని ముడి.