అరుగు మీది గాలి

ఆకేరు వాగు ఇళ్లలోకి వచ్చిపోయిన మరుసటి ఏడు. శ్రావణం. చినుకు ఆగింది కానీ ఉక్క ఆగలేదు.

పొద్దుగూకే వేళ ఏసీ ఆపిన చప్పుడు వినగానే రాజలింగు గదిలోకి వచ్చాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. తడి. కిటికీ మళ్లీ జానెడు తెరిచి ఉంది.

“ఏమే, చెవులున్నయా నీకు? గిది కూలర్ అనుకున్నవా? కూలర్‌కు కిటికీ తెరవాలె, దీనికి మూయాలె! ఆ చందూలాల్ మొత్తుకోలేదా?”

మానుకోట నుంచి వచ్చి ఏసీ బిగించిన చందూలాల్ నిజంగానే మొత్తుకున్నాడు. వానకాలం కిటికీ తెరిస్తే బయటి తేమంతా లోపలికే వస్తుందని. తడి బట్టలు గదిలో ఆరేయొద్దని. రిమోట్‌లో నీటిచుక్క బొమ్మ మీద పెట్టుకోవాలని.

భార్య గట్టమ్మ మంచం మీద కూర్చుని దగ్గుతోంది. వరదకు నానిన ఇంట్లో పట్టుకున్న దమ్ము అది. చెమ్మ తగిలితే ఊపిరికే ముప్పని దవాఖానలో చెప్పారు. అందుకే జనగామలో నర్సుగా ఉన్న కూతురు రేణుక తల్లికి ఏసీ పెట్టించింది.

“జర గాలి ఆడాలె గదయ్యా,” అంది గట్టమ్మ.

“గాలి కాదు, నీ పాణం పోతది! అంతగనం గాలి కావాల్నంటే నా తీరు అరుగు మీద పండు. పగటిపూట ఎంత సల్లగొస్తదో! పిలిచినట్టొస్తది.”

“నువ్వే లోపలికి రారాదు?”

“బిడ్డ సొమ్ముతోని సల్లవడాల్నా? ఆడివిల్ల ఇంట్ల మంచినీళ్లు ముట్టనోని కడుపున పుట్టిన. ఆ డబ్బా నడుస్తుంటే గీ గడప తొక్క!”

“నీ పౌరుషం సల్లగుండ,” అని నవ్వబోయింది. దగ్గు తెర అడ్డొచ్చింది.

మర్నాడు సాయంత్రం కిటికీ మళ్లీ తెరిచే ఉంది. దిండు చెమ్మగిల్లింది. గట్టమ్మకు మాట కూడా పెగలడం లేదు.

రాజలింగు ఈసారి తిట్టలేదు. సుత్తి తెచ్చాడు. గోడ పెచ్చులు ఊడేలా కిటికీ రెక్కలకు మేకులు దిగ్గొట్టాడు.

“వద్దయ్యా... నువ్వు ఆగమైతవ్,” అంది గట్టమ్మ ఆయాసంతోనే.

“నేనెందుకైత? నోర్మూసుకొని పండు!”

మర్నాడు మధ్యాహ్నం లోపల దగ్గు వినబడలేదు. అరుగు మీద మాత్రం గాలి లేదు. రాజలింగు తువ్వాలతో విసురుకున్నాడు. అటు పొర్లాడు, ఇటు పొర్లాడు. నులక అంతా చెమటకు తడిసింది.

“గీ గాలికేం రోగమొచ్చిందిరా!” అని వాకిలిని తిట్టాడు.

లేచి కూర్చున్నాడు. తల ఎత్తి చూశాడు.

మర్నాడు పొద్దున్నే అతను మేకుల జోలికి పోలేదు. ఇన్నాళ్లూ అరుగు మీద సరిగ్గా ఆ కిటికీ కిందే వేసుకున్న తన నులకమంచాన్ని ఎత్తుకొచ్చి, నడుస్తున్న ఏసీ ఎదుట, గట్టమ్మ పక్కన వేశాడు.